ఆటగాళ్లు లేకనే ఆస్ట్రేలియా రగ్బీ ఓడిందా?

2023 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా చరిత్రలో తొలిసారి గ్రూపు దశలోనే ఇంటిముఖం పట్టింది. పదవి వదిలేసిన కోచ్ ఎడ్డీ జోన్స్, వ్యవస్థ మారనిదే జట్టు బాగుపడదని అన్నాడు. దాన్ని పట్టుకుని జనం పంచుకుంటున్న వాదన ఇంకో మెట్టెక్కింది: మంచి ఆటగాళ్లను రగ్బీ లీగ్ ఎత్తుకుపోయింది, మిగిలింది కుర్రాళ్లు, కోచ్‌గా ఎవరొచ్చినా ఇంతే.

ముందు లీగ్ సంగతి. అది రగ్బీలోనే వేరే ఆట. పదమూడు మంది ఆడే ఆ ఆటకు సిడ్నీ, బ్రిస్బేన్‌లలో, పదిహేను మంది ఆడే యూనియన్ (ఈ ప్రపంచకప్ దానిదే) కంటే డబ్బు, ఆదరణ రెండూ ఎక్కువే. కానీ 1995 ఆగస్టు దాకా యూనియన్‌లో ఆటగాడికి జీతం ఇవ్వడమే నిషిద్ధం, లీగ్‌లో నిక్షేపంగా ఇచ్చేవారు. ఆ రోజుల్లోనే, 1991లో, బాబ్ డ్వయర్ కోచ్‌గా ఉన్న ఆస్ట్రేలియా జట్టు ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్‌ను 12-6తో ఓడించింది. 2003లో జోన్స్ స్వయంగా ఫైనల్‌కు తీసుకెళ్లిన జట్టులో సెయిలర్, రోజర్స్, టుకిరి ముగ్గురూ లీగ్ నుంచి వచ్చినవాళ్లే.

పైగా లీగ్ కన్ను ఎక్కువగా పడేది బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ల మీద. ఆస్ట్రేలియాకు ఏళ్లుగా నొప్పి స్క్రమ్ ముందు వరసలో ఉంది. స్క్రమ్ అంటే బంతి కోసం రెండు జట్లూ గుంపుగా తలపడి నెట్టుకోవడం. లీగ్‌లో స్క్రమ్ నామమాత్రం. యూనియన్‌లో ఒక్కో వైపు ఎనిమిది మంది, దాదాపు 900 కిలోలు, ఒకరినొకరు నెట్టుకుంటారు. ముందు వరసలో మధ్యలో ఉండేవాడు హుకర్, అతడికి రెండు పక్కలా ఉండేవాళ్లు ప్రాప్‌లు. కుడివైపు ప్రాప్ తల ఎదుటి హుకర్‌కీ ప్రాప్‌కీ మధ్య ఇరుక్కుంటుంది, భారం రెండు భుజాల మీదా పడుతుంది. భుజాలు తుంటి కంటే కిందికి దిగాయా, స్క్రమ్ కూలుతుంది, పెనాల్టీ ఎదుటివాళ్లకు పోతుంది. వాళ్లు బంతిని టచ్‌లోకి, అంటే పక్క గీత అవతలికి తన్ని, ట్రై గీతకు (బంతిని దాటించి నేలకు ఆనిస్తే ట్రై) ఐదు మీటర్లలో లైన్‌ఔట్ తీసుకుని, అంటే పక్క నుంచి బంతి లోపలికి విసిరి, పట్టుకున్నవాడి చుట్టూ గుంపుగా మాల్ కట్టి తోసుకుంటూ వచ్చేస్తారు. ఈ విద్య ఒంటబట్టేసరికి ప్రాప్‌కు పాతికేళ్లు దాటతాయి. అలాంటివాళ్లు తక్కువైతే ఆ తప్పు లీగ్ మీద వేయలేం.

ఇక కుర్రాళ్ల మాట. కుర్రాళ్లను ఎంచుకున్నది ఎవరు? అనుభవమున్న మైఖేల్ హూపర్‌ను, క్వేడ్ కూపర్‌ను పక్కనపెట్టి, ఆట నడిపించాల్సిన ఫ్లై హాఫ్ స్థానాన్ని ఆ ఏడాదే అరంగేట్రం చేసిన కార్టర్ గోర్డన్ చేతిలో పెట్టింది జోన్సే. కప్పుకు ముందు ఆడిన ఐదు టెస్టులూ (దేశాల మధ్య మ్యాచ్‌లు) ఓడినా మనసు మార్చుకోలేదు. కెప్టెన్ విల్ స్కెల్టన్, ప్రాప్ టానియేలా టుపో ఫిజీ మ్యాచ్‌కు ముందు గాయపడ్డారు, అది దురదృష్టమే. అయితే ఆ మ్యాచ్‌లో 15-22తో ఓడినప్పుడు ఫిజీ పాయింట్లలో 15 పెనాల్టీ కిక్కులవే. ట్రైలు చూస్తే ఆస్ట్రేలియావి రెండు, ఫిజీది ఒక్కటి. తర్వాత వేల్స్ చేతిలో 6-40. జోన్స్ హయాంలో తొమ్మిది టెస్టులకు రెండు గెలుపులు.

వ్యవస్థ గురించి ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. 1996లో సూపర్ రగ్బీకి (పలు దేశాల ప్రాంతీయ జట్లు ఆడే టోర్నీ) మూడు జట్లతో మొదలైన దేశం 2011 నాటికి ఐదింటికి వెళ్లింది. 2017లో వెస్టర్న్ ఫోర్స్‌ను తీసేసి మళ్లీ తెచ్చుకుంది, 2024లో మెల్‌బోర్న్ రెబెల్స్‌ను మూసేసింది. అయితే ఇదంతా చాలావరకు 2023 జనవరిలో జోన్స్ ఆ పదవి తీసుకోకముందే అందరికీ తెలిసిన కథ.

ఎవరొచ్చినా ఇంతేనా? 2024 నవంబర్‌లో జో స్మిట్ కోచింగ్‌లో ఇదే దేశం లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌ను 42-37తో ఓడించింది. చివరి ట్రై కొట్టిన మాక్స్ యోర్గెన్సన్ 2023 జట్టులోని కుర్రాడే, ఆ రోజు అరంగేట్రం చేసిన జోసెఫ్ సువాలీ లీగ్ నుంచి వచ్చినవాడే. స్మిట్ కూడా దెబ్బలు తిన్నాడు: అర్జెంటీనా చేతిలో 27-67, 2025 నవంబర్‌లో ఇంగ్లండ్, ఇటలీ, ఐర్లండ్, ఫ్రాన్స్‌ల చేతిలో వరుసగా నాలుగు ఓటములు. ఏడాదిలో పదిహేను టెస్టులాడిన పలచటి బృందం అది. కానీ అదే ఏడాది ఆగస్టులో జొహానెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్‌లో 0-22తో వెనకబడి దక్షిణాఫ్రికాను 38-22తో ఓడించింది. 1963 తర్వాత ఆ మైదానంలో ఆస్ట్రేలియాకు అదే తొలి గెలుపు. ఆ రోజు పదో నంబర్ చొక్కా, అంటే ఫ్లై హాఫ్ చొక్కా, వేసుకున్నది మూడేళ్లుగా టెస్టు ఆడని, 35 ఏళ్ల జేమ్స్ ఓకానర్.