ఆ ఫొటోలో ఉన్నది 1932 నాటి విమానం కాదు

అక్టోబర్ 15 దగ్గర పడిందంటే చాలు, చెన్నైలోని మా అన్నానగర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో వచ్చి పడుతుంది. రంగుల ఫొటో. చిన్న విమానం, పైన ఒకే జత రెక్కలు, పక్కన నిలబడి నవ్వుతున్న జె.ఆర్.డి. టాటా. కింద ఇలా రాసి ఉంటుంది: ‘1932 అక్టోబర్ 15. జె.ఆర్.డి. టాటా స్వయంగా నడుపుతూ కరాచీ నుంచి మన మద్రాసుకు ప్రయాణికులను తీసుకొచ్చిన ఎయిర్ ఇండియా తొలి విమానం, పస్ మాత్. విమానం నడిపిన మొదటి భారతీయుడు ఆయనే.’

మూడేళ్లుగా చూస్తూ ఊరుకున్నాను. ఈసారి పంపింది మా పక్క ఫ్లాట్ బాబాయిగారు. ఆయన ఏది పంపినా అందరూ నమ్ముతారు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు విమానం సంగతి. అది పస్ మాత్ కాదు, లెపర్డ్ మాత్. రెండూ బ్రిటన్‌లోని డి హావిలాండ్ కంపెనీవే. ఆ కంపెనీ పెట్టిన జెఫ్రీ డి హావిలాండ్‌కు సీతాకోకచిలుకల చుట్టాలైన రెక్కల పురుగులంటే (ఇంగ్లిషులో మాత్ అంటే అవే) ఇష్టం, అందుకే విమానాలకు వాటి పేర్లు పెట్టాడు. దూరం నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి పొరపాటు పడటం సహజమే. కానీ పస్ మాత్ మొదటిసారి ఎగిరింది 1929లో, లెపర్డ్ మాత్ ఎగిరింది 1933 మే నెలలో. 1932 అక్టోబర్‌లో లెపర్డ్ మాత్ అనేదే ఇంకా గాల్లోకి లేవలేదు.

మరి లెపర్డ్ మాత్ అని ఎలా చెప్పడం? మా నాన్న మీనంబాకం విమానాశ్రయంలో మెకానిక్‌గా చేసేవారు. నా చిన్నప్పుడు పాత పత్రికల్లోని విమానాల బొమ్మలు చూపించేటప్పుడు, నంబరు మీద బొటనవేలు పెట్టి మూసేసి ‘ఇప్పుడు చెప్పు, ఇది ఏది?’ అనేవారు. ఈ ఫొటోనూ అలాగే చూడండి. వేళ్లతో పెద్దది చేసి, ముందు చక్రం దగ్గరికి వెళ్లండి. చక్రం నుంచి పైకి ఒక లావుపాటి కడ్డీ వెళుతుంది, నేలకు తగిలినప్పుడు కుదుపును అది తీసుకుంటుంది. పస్ మాత్‌లో ఆ కడ్డీ ఇంజిన్ వెనకాల బాడీ పై అంచు దాకా ఎక్కుతుంది, పక్క నుంచి చూస్తే పొడుగ్గా కనిపిస్తుంది. లెపర్డ్ మాత్‌లో అది ఇంజిన్ వెనక కింది అంచు దగ్గరే ఆగిపోతుంది. మన ఫొటోలో కడ్డీ కిందే ఆగింది. రెక్క కూడా అదే మాట చెబుతోంది. పస్ మాత్ రెక్క మొదటి నుంచి దాదాపు చివరి దాకా ఒకే వెడల్పుతో ఉంటుంది, లెపర్డ్ మాత్ రెక్క కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది.

బాబాయిగారికి ట్యాబ్‌లో ఇదంతా చూపించాను. ‘పాత నలుపు తెలుపు ఫొటోకు ఎవరో రంగు వేసి ఉంటారేమోనమ్మా’ అన్నారు. వేయవచ్చు. రంగు వేసినంత మాత్రాన కడ్డీ కిందికి జారదు కదా. పైగా ఫొటోలోని మనిషి జుట్టు చూడండి. జె.ఆర్.డి. పుట్టింది 1904లో. 1932లో ఆయన 28 ఏళ్ల కుర్రవాడు. ఇందులో ఉన్నది నెరిసిన జుట్టున్న పెద్దాయన. ఇది 1982 అక్టోబర్ 15 నాటి ఫొటో. తొలి ప్రయాణానికి 50 ఏళ్లు నిండిన రోజున, 78 ఏళ్ల వయసులో, ఆయన లెపర్డ్ మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ ఎగిరారు.

బాబాయిగారి మనవడు ఫొటో వెతికే యాప్‌లో పెడితే ‘పస్ మాత్’ అనే వచ్చిందట. వస్తుంది మరి. ఇదే ఫొటో ఇదే తప్పు పేరుతో వందచోట్ల ఉంటే, ఆ యాప్ ఆ వందనే చూసి మనకు తిరిగి చెబుతుంది. ‘మీద వీటీ అని ఉందిగా’ అని ఇంకొకరు గ్రూపులో అన్నారు. వీటీ మన దేశంలో రిజిస్టరైన ప్రతి పౌర విమానం మీదా ఉంటుంది, ఈ రోజుకీ. 1932లో జె.ఆర్.డి. నడిపిన పస్ మాత్ మీద ఉన్నది వీటీ-ఏడీఎన్. ఫొటోలో ఉన్న అక్షరాలు అవి కావు.

ఇక మద్రాసు మాట. చెన్నైలో ఉంటున్నదాన్ని కాబట్టి నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. జె.ఆర్.డి. ఆ రోజు కరాచీలో బయల్దేరి అహ్మదాబాద్ మీదుగా బొంబాయిలోని జుహూలో దిగారు. అక్కడితో ఆయన వంతు అయిపోయింది. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు దాకా నడిపింది నెవిల్ విన్సెంట్. బ్రిటన్ వాయుసేనలో పనిచేసి వచ్చిన ఈ పైలటే అసలు ఉత్తరాలు మోసే ఈ టపా విమానాల ఆలోచనతో టాటాల దగ్గరికి వెళ్లాడు. 1942లో విమాన ప్రయాణంలోనే ఆయన ప్రాణం పోయింది. మన ఊరికి ఆ తొలి విమానాన్ని తెచ్చిన మనిషి పేరు ఏటా ఆ రోజునే మనం చెరిపేస్తున్నాం.

ప్రయాణికులు కూడా ఎవరూ లేరు. లండన్ నుంచి బ్రిటన్ విమాన సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీకి చేర్చిన ఉత్తరాలను అక్కడి నుంచి దక్షిణానికి తీసుకురావడమే ఆ విమానం పని. ఎయిర్ ఇండియా అన్న పేరూ అప్పటికి లేదు, అది 1946లో వచ్చింది.

‘విమానం నడిపిన మొదటి భారతీయుడు’ అన్నది కూడా సరికాదు. 1929లో మన దేశంలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్సు జె.ఆర్.డి.ది, అది నిజం. కానీ అంతకు 11 ఏళ్ల ముందే, 1918లో, కలకత్తా కుర్రవాడు ఇంద్రలాల్ రాయ్ ఫ్రాన్స్ మీద యుద్ధ విమానం నడిపి, 10 శత్రు విమానాలను ఓడించి, 20 ఏళ్లు నిండకుండానే అక్కడే చనిపోయాడు.

జె.ఆర్.డి. మీద గౌరవంతోనే అందరూ ఇది పంపుతున్నారని నాకు తెలుసు, ఆ గౌరవం నాకూ ఉంది. 78 ఏళ్ల మనిషి ఒక్క ఇంజిన్ ఉన్న చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ వచ్చాడంటే అదేమైనా చిన్న సంగతా? ఆ ఫొటోకు 1932 అని పేరు పెట్టి ఆ సాహసాన్నే దాచేస్తున్నాం.

‘మరి దీని కింద ఏం రాయాలో నువ్వే రాసివ్వమ్మా’ అన్నారు బాబాయిగారు. రాసిచ్చాను: ‘1982 అక్టోబర్ 15. తొలి టపా విమానానికి 50 ఏళ్లు. లెపర్డ్ మాత్ పక్కన 78 ఏళ్ల జె.ఆర్.డి. టాటా. 1932లో బొంబాయి నుంచి మద్రాసుకు ఉత్తరాలు తెచ్చింది నెవిల్ విన్సెంట్.’ ఆయన పాత మెసేజ్ తీసేసి ఇది పెట్టారు. మీ గ్రూపులోకి పాతది వస్తే, దాని కింద ఇదే పెట్టండి.