సర్టిఫికెట్ వచ్చింది, సీక్వెన్స్ చదవడం రాలేదు

విశాఖ ద్వారకానగర్‌లో ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, స్పోకెన్ ఇంగ్లిష్ సరసన ఇప్పుడు డీఎన్ఏ అక్షరాల వరుసల్ని, అంటే సీక్వెన్స్‌లను, కంప్యూటర్‌తో చదివే బయోఇన్ఫర్మాటిక్స్ కూడా చేరింది. రెండు నెలల్లో ఏఐతో మందులు కనిపెట్టడం నేర్పుతారట!

బయోటెక్నాలజీ చదివిన నా మేనకోడలు అలాంటి ఒకచోట వేలకు వేలు పోసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. సీక్వెన్సింగ్ యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు (రీడ్‌లు) ఉండే ఒక ఫాస్ట్‌క్యూ ఫైలు తెరిచి, "ఒక్కో రీడ్‌కు నాలుగు వరుసలున్నాయి కదా, నాలుగోదానిలో ఈ హ్యాష్‌లు, ఆశ్చర్యార్థకాలు దేనికమ్మా?" అని అడిగాను. తెల్లమొహం వేసింది. ఒక్కో బేస్‌ను, అంటే డీఎన్ఏ అక్షరాన్ని, యంత్రం ఎంత నమ్మకంగా చదివిందో చెప్పే గుర్తులవి. స్కోరు 30 అంటే తప్పయ్యే అవకాశం వెయ్యింటికి ఒకటి. 10 అంటే పదింటికి ఒకటి. ఇది తెలియనివారు రోగి నమూనాలో మ్యుటేషన్ (జన్యువులో మార్పు) దొరికిందంటే ఎలా నమ్మాలి? పిల్ల తెలివైనదే. ఆ రెండు నెలలూ ప్రొటీన్ బొమ్మలను తెర మీద గిరగిరా తిప్పి చూపించి పంపేశారు. అదీ నా కడుపుమంట.

మన పక్కనే ఉన్న విషయంతో మొదలుపెట్టవచ్చు కదా! పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్‌సెల్ వ్యాధి ఉంది. దానికి మూలమైన హెచ్‌బీబీ, అంటే హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేయించే జన్యువు, సీక్వెన్స్ అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార కేంద్రం ఎన్‌సీబీఐలో ఎవరికైనా ఉచితం. మామూలుదాన్నీ, మార్పు ఉన్నదాన్నీ పక్కపక్కన అమర్చి చూస్తే జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ కనిపిస్తుంది. మారింది ఒక్క అక్షరమే. దాంతో ప్రొటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం పోయి వేలీన్ వచ్చింది. అది ఎన్నో స్థానం? పాత పాఠ్యపుస్తకాలు 6 అంటాయి, ఇప్పటి పద్ధతిలో 7. మొట్టమొదటి అమైనో ఆమ్లమైన మిథియొనీన్‌ను లెక్కలో కలుపుతారా లేదా అన్నదే తేడా. ఈ తికమకను విద్యార్థి స్వయంగా విప్పుకుంటే చాలు, డేటాబేస్‌ను గుడ్డిగా నమ్మడం మానేస్తాడు.

జన్యువుల జాబితాలు పెట్టుకునే ఎక్సెల్ సంగతి సరేసరి. సెప్ట్2 అనే జన్యువు పేరును చడీచప్పుడు లేకుండా సెప్టెంబరు 2గా మార్చేస్తుంది. ఆ బెడద పడలేక చివరికి జన్యువుల పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది!

అసలు ఎగ్గొట్టేది మాత్రం స్టాటిస్టిక్స్‌ను. మనిషిలో ప్రొటీన్‌లను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000. రోగులకూ, ఆరోగ్యవంతులకూ తేడా ఉందా అని ఒక్కోదాన్ని 0.05 హద్దుతో (తేడా లేకపోయినా ఉన్నట్టు పొరబడే అవకాశం నూటికి ఐదు) పరీక్షిస్తే, నిజానికి ఏ తేడా లేకపోయినా దాదాపు 1,000 జన్యువులు ముఖ్యమైనవిగా తేలతాయి. ఆ హద్దును సవరించాలని చెప్పని కోర్సుకు ఫీజు ఎందుకు? చేరేముందు స్టాటిస్టిక్స్ క్లాసులు ఎన్ని అని అడగండి. "అదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది" అన్నారంటే మెట్లు దిగి వచ్చేయండి.