కవలలన్నారు సరే, మాయ ఒకటా రెండా?

స్కానింగులో కవలలని తేలగానే ఇంట్లో సంబరం, టెన్షన్ రెండూ మొదలవుతాయి. ఇద్దరూ బాగున్నారా అని అందరూ అడుగుతారు. ఇద్దరికీ మాయ (కడుపులో బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా) ఒకటేనా, వేర్వేరుగా రెండున్నాయా అని అడిగేవారు తక్కువ. అయినా అది ఇంట్లోవాళ్లు అడిగి తెలుసుకోవాల్సిన సంగతి కాదు, స్కాన్ చేసిన డాక్టరే రిపోర్టులో రాయాలి. ఆ ముక్క లేని కవలల రిపోర్టును అసంపూర్ణంగానే లెక్కగట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఆదేశించాలి.

కవలల్లో ఒకరు కాస్త పెద్దగా, ఒకరు కాస్త చిన్నగా ఉండటం మామూలే. తేడా పెద్దబిడ్డ బరువులో 25 శాతానికి చేరి, చిన్నబిడ్డ బరువు ఆ వారాలకు ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువగా ఉంటే ప్రమాదం. ఒకరు 1,600 గ్రాములు, మరొకరు 1,200 గ్రాములుంటే ఆ హద్దుకు వచ్చినట్టే. ఇలా జరిగితే తల్లి సరిగ్గా తినలేదని నింద వేస్తారు. తిండే కారణమైతే ఇద్దరూ చిక్కిపోవాలి కదా!

రెండు మాయలుంటే చిన్నబిడ్డ కష్టం చాలావరకు ఆ బిడ్డకే పరిమితం. మాయ ఒకటే అయితే కథ వేరు. అందులో ఇద్దరి వాటాలూ సమానంగా ఉండాలని లేదు. పైగా ఇద్దరి రక్తనాళాలు అక్కడ కలిసిపోయి ఉంటాయి. చిన్నబిడ్డ కడుపులోనే చనిపోతే, బతికున్న బిడ్డ రక్తం ఒక్కసారిగా అటువైపు మళ్లి మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాగని తొందరపడి కాన్పు చేస్తే, చక్కగా ఎదుగుతున్న పెద్దబిడ్డ కూడా నెలలు నిండకుండా పుడుతుంది. ఎన్నాళ్లు ఆగవచ్చో చెప్పేది బొడ్డుతాడులో రక్తం పారే తీరును చూపే డాప్లర్ పరీక్షే. ఒకే మాయ ఉన్న కవలల్లో 10 నుంచి 15 శాతం మందికి ఇంకో చిక్కు ఉంది. ఒకరి రక్తం రెండోవారికి తరలిపోతూ, ఒకరి చుట్టూ ఉమ్మనీరు తగ్గి, మరొకరి చుట్టూ పెరిగిపోతుంది. వేళకు పట్టుకుంటే లేజర్‌తో ఆ నాళాలను మూసే చికిత్స ఉంది.

వేళకు పట్టుకోవాలంటే ఒకే మాయ ఉన్నవారికి 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయాలి. రెండు మాయలైతే 20వ వారం నుంచి నాలుగు వారాలకోసారి చాలు. మాయ సంగతి బాగా తేలేది 11–14 వారాల మధ్య. మన దగ్గర దృష్టంతా బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే టిఫా స్కాన్ మీదే. తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ఆసుపత్రుల్లో 56 టిఫా యంత్రాలు పెట్టింది. మంచి పనే. కానీ టిఫా సాధారణంగా తీసేది 18 వారాలు దాటాక. ప్రతి నెలా 9వ తేదీన జరిగే సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలు ఒక్కటే దిక్కయితే రెండు వారాల లెక్క కుదరదు. ఏజెన్సీ గ్రామం నుంచి పట్నానికి పదే పదే వచ్చే గర్భిణికి ఉచిత స్కాన్‌తో పాటు బండి, దారి ఖర్చులు, పోయిన కూలి కూడా చూడాలి.

సంతాన సాఫల్య కేంద్రాల సంగతీ ఉంది. ఒకసారికి ఒక పిండాన్నే గర్భాశయంలో ఉంచాలి, ప్రత్యేక పరిస్థితుల్లోనే అంతకు మించి. 'ఒకే ఖర్చుతో ఇద్దరు' అన్న ఆశ ఎవరు చూపినా తనిఖీ జరగాలి. ఆ కవలలకు చాలావరకు రెండు మాయలే ఉన్నా, నెలలు నిండని కాన్పు ముప్పు తప్పదు.

పుట్టాక చిన్నబిడ్డకు చలి, రక్తంలో చక్కెర తగ్గడం, పాలు లాగలేకపోవడం పెద్ద బెడదలు. తల్లి ఒకచోట, బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగంలో) మరోచోట ఉంచే పద్ధతి దీనికి విరుగుడు కాదు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. కిలో నుంచి 1.8 కిలోలలోపు పిల్లలను పుట్టిన వెంటనే ఒంటికి హత్తుకుని ఉంచితే, స్థిమితపడేదాకా ఆగి మొదలుపెట్టినదాని కన్నా తొలి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. ఎస్‌ఎన్‌సీయూలోనే తల్లికి మంచం వేయాలి. కాన్పు నొప్పులింకా తగ్గని తల్లి ఒక్కతే ఇద్దరినీ రోజంతా గుండెలకు హత్తుకోలేదు కాబట్టి, తండ్రినో అమ్మమ్మనో కూడా లోపలికి రానివ్వాలని ఉత్తర్వు ఇవ్వాలి.