సీసపు పెట్టె ముందు సూపర్‌మ్యాన్

కిందటి ఆదివారం మా అక్క కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమా మళ్లీ చూశాను. వాడికి పదేళ్లు. నేలమాళిగలో ఉన్న విలన్ లెక్స్ లూథర్ స్థావరానికి సూపర్‌మ్యాన్ వచ్చే ఘట్టం చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు క్షిపణులు అప్పటికే గాల్లో ఉన్నాయి, వాటిని పేల్చే పరికరం కోసం అతను వెతుకుతుంటే సీసపు తొడుగు వేసిన పెట్టె ఒకటి కనిపిస్తుంది. సీసాన్ని దాటి అతని ఎక్స్‌రే చూపు పోదు. ఆ పెట్టెతోనే నీకు జైలు ఊచలు చేస్తానని లూథర్‌ను బెదిరించి మరీ అతను మూత తెరుస్తాడు. లోపల ఉన్నది క్రిప్టోనైట్, అతని బలాన్నంతా లాగేసే రాయి. మా వాడు కొరకబోయిన జంతికను చేతిలోనే ఆపి, "మావయ్యా, సీసం పెట్టాడంటేనే ఈయనకి కనపడకూడదని పెట్టినట్టు కదా, మరెందుకు తెరిచాడు?" అని అడిగాడు.

ఆ రాయి సంగతి అతనికి అప్పటికి తెలియదని, పైగా తొందరలో ఉన్నాడని సర్దిచెప్పబోయాను గానీ, ఆ సమాధానం నాకే రుచించలేదు. అతిశక్తులున్న కామిక్స్ హీరోకు ఎంత తెలివి ఉండాలన్న విషయంలో చాలా ఏళ్లుగా నాకొక లెక్క ఉంది, మా వాడి ప్రశ్నతో అది మరింత గట్టిపడింది. పుస్తకం చేతిలో పట్టుకున్న పదేళ్ల పిల్లవాడికంటే హీరో ఒక్క మెట్టు కూడా కింద ఉండకూడదు. అతను పొరపడవచ్చు, ఓడిపోవచ్చు, మోసపోవచ్చు. అయితే ఆ పొరపాటు అతని స్వభావంలోంచి పుట్టాలి తప్ప, తరువాతి పేజీకి కథను ఈడ్చుకుపోవడం రచయితకు అవసరమైంది గనుక పుట్టకూడదు.

సూపర్‌మ్యాన్ విషయంలో తొందర అనే సాకు అసలు చెల్లదు. తుపాకీ గుండు బయలుదేరి ఛాతీని తాకేలోగా ఊరంతా చుట్టి రాగలవాడి మెదడు కూడా ఆ కాళ్లతో సమానంగా పరిగెత్తాలి కదా; లేకపోతే మొదటి మలుపులోనే గోడకు గుద్దుకుని ఉండేవాడు. అంటే మనకు ఒక క్షణం గడిచేలోగా అతనికి తీరిగ్గా కూర్చుని ఆలోచించుకునేంత సమయం దొరుకుతుందన్నమాట. అతని వేగం ఒక రకంగా అతని తెలివే. అలాంటివాడు విలన్ ఇంట్లో తన చూపు పోని పెట్టె కనబడగానే, ఈ ఇంట్లో నా కోసమే సిద్ధం చేసిన వస్తువు ఇదొక్కటే అని అనుకోకపోవడం అమాయకత్వం కాదు, అది రచయిత బద్ధకం.

మొదట్లో ఈ చిక్కు లేదు. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృష్టించిన సూపర్‌మ్యాన్ ఎగరలేడు, గెంతుతాడు. ఆ గెంతు ఒక మైలులో ఎనిమిదో వంతు. విద్యుత్ కుర్చీ ఎక్కబోతున్న నిర్దోషిని కాపాడడానికి అర్ధరాత్రి గవర్నర్ ఇంటి తలుపులు విరగ్గొట్టుకుని లోపలికి పోతాడు. ఆ పనికి మహా మేధావి అక్కరలేదు, ధైర్యమూ కోపమూ చాలు. తరువాత ఏడాదికొక శక్తి వచ్చి చేరి, కొండలు పిండి చేసే స్థాయికి అతను ఎదిగాక, అతన్ని ఆపడానికి రచయితలకు రెండే దారులు మిగిలాయి. ఒకటి 1943లో రేడియో ధారావాహికలో మొదలై 1949లో కామిక్స్‌లోకి వచ్చిన క్రిప్టోనైట్, రెండోది అవసరమైనప్పుడల్లా అతనికి కలిగే మతిమరుపు. మొదటిదాని మీద నాకు ఫిర్యాదు లేదు.

తెలివిని కూడా ఒక అతిశక్తిగా తగిలించేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. ఆ ప్రయోగం కూడా జరిగింది, దాని ఫలితం 1963లో వచ్చిన ఒక సంచికలో అచ్చై ఉంది. బ్రెయినియాక్ అనే విలన్ కుదించి గాజు సీసాలో బంధించిన కాండోర్ నగరాన్ని పూర్వపు పరిమాణానికి తీసుకురావడం, క్రిప్టోనైట్‌కు విరుగుడు కనిపెట్టడం వంటి పనులన్నీ ఎన్నాళ్లు వాయిదా వేస్తావని ఆ నగరవాసులే సూపర్‌మ్యాన్‌ను నిలదీస్తారు. అతను తన తెలివిని వంద రెట్లు చేసుకునే యంత్రం తయారుచేస్తాడు; అది అతన్ని ఎర్ర సూపర్‌మ్యాన్, నీలి సూపర్‌మ్యాన్ అని ఇద్దరుగా చీలుస్తుంది. ఇక ఆ ఇద్దరూ వరసగా కాండోర్‌ను పెద్దది చేస్తారు, పేలిపోయిన తమ పుట్టిన గ్రహం క్రిప్టాన్‌ను తిరిగి నిలబెడతారు, మనుషుల్లో చెడును పోగొట్టే కిరణాలను ప్రసరింపజేస్తారు. దానితో లూథర్ సైతం మంచివాడై రోగాలన్నిటికీ మందు కనిపెడతాడు. చివర్లో పెళ్లిళ్లు కూడా అయిపోతాయి. చదువుతున్నంతసేపూ సరదాగానే ఉంటుంది, కానీ అక్కడితో ఆ లోకంలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ప్రచురణకర్తలు దానిని ఊహాకథ అని ముందే ముద్రవేసి, మరుసటి నెల మామూలు సూపర్‌మ్యాన్‌ను మళ్లీ బయటకు తీసుకొచ్చారు. ఇంకేం చేయగలరు!

అతి తెలివికి మరో బాధ కూడా ఉంది. ఫెంటాస్టిక్ ఫోర్ అనే హీరోల జట్టులోని శాస్త్రజ్ఞుడు రీడ్ రిచర్డ్స్ ఇతర లోకాలకు తలుపులు తెరవగలడు గానీ, అతను ఉంటున్న న్యూయార్క్‌లో ఆసుపత్రులు మన ఆసుపత్రుల్లాగే నిండి ఉంటాయి. 1982లో జిమ్ స్టార్లిన్ ఈ ఇబ్బందిని దాచకుండా, కెప్టెన్ మార్వెల్ అనే వీరుడికి క్యాన్సర్ రప్పించాడు. శాస్త్రజ్ఞులైన హీరోలు కూడి తలలు పట్టుకున్నా అతను మంచం మీదే చనిపోతాడు. మేధావి హీరోను నేను పూర్తిగా నమ్మిన కొద్ది కథల్లో అదొకటి, ఎందుకంటే ఆ మేధస్సుకు అక్కడొక హద్దు కనిపించింది. దీనికి భిన్నంగా, అదే పేరున్న మరో పాత కెప్టెన్ మార్వెల్‌కు 1940లోనే సొలొమోను జ్ఞానాన్ని, అతను శక్తి కోసం పలికే 'షజామ్' మంత్రంలోని మొదటి అక్షరంతో అంటగట్టారు. జ్ఞానాన్ని చీటీ రాసి అతికించినంత మాత్రాన బుర్రలోకి దిగదు.

మన వైపు పిల్లలు చదివిన చాచా చౌదరి కథల్లో ప్రాణ్ ఈ తలనొప్పిని ఎంత సులువుగా వదిలించుకున్నాడో చూడండి. కంప్యూటర్ కంటే వేగంగా పనిచేసే మెదడు ముసలాయనకిచ్చి, కండలన్నీ గురుగ్రహం నుంచి వచ్చిన సాబూకిచ్చాడు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుంటారు, రచయితకు నిద్ర పడుతుంది.

ఒకే ఒంట్లో రెండూ ఉండాలంటే నాకు నచ్చిన కొలత తొలినాటి స్పైడర్‌మ్యాన్. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో సృష్టించిన ఆ హైస్కూలు కుర్రవాడికి సాలీడు కాటుతో బలం వచ్చింది గానీ, మణికట్టు దగ్గర దారం చిమ్మే పరికరాన్ని అతను సొంతంగా తయారుచేసుకున్నాడు. 1963లో ఒంటికి ఇనుప చేతులు తగిలించుకున్న విలన్ డాక్టర్ ఆక్టోపస్ చేతిలో మొదటిసారి చిత్తుగా ఓడి, కుమిలిపోయి, మళ్లీ వచ్చినప్పుడు ప్రయోగశాలలో ఒక రసాయనం కలిపి ఆ ఇనుప చేతుల్లో రెండింటిని ఒకదానికొకటి అతికేలా చేస్తాడు. అక్కడితో పని తెమలదు. చివరికి కళ్లజోడు మీద దారం కొట్టి, గడ్డం మీద ఒక్క గుద్దు గుద్దుతాడు. ఆ ఆలోచన ఎలా వచ్చిందో గడి తరువాత గడిలో మన కళ్ల ముందే కనిపిస్తుంది. కొంచెం చురుకైన పాఠకుడు అరక్షణం ముందే పట్టుకుంటాడు కూడా, ఆ సంతోషం కోసమే కదా మనం చదివేది. 2002 సినిమాలో ఆ దారాన్ని నేరుగా ఒంట్లోంచే రప్పించారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కోపం నాకు తగ్గలేదు, ఎందుకంటే వాళ్లు తీసేసింది ఒక పరికరాన్ని కాదు, ఆ కుర్రవాడు తన బుర్రతో సంపాదించుకున్న ఆస్తిని.

ఇక తెలివైనవాడు ఎలా పొరపడాలో చూడాలంటే, 1987లో జాన్ బర్న్ రాసి, బొమ్మలు గీసిన ఒక సంచికలో లూథర్‌ను చూడాలి. అతని కంప్యూటర్ లెక్కలన్నీ వేసి, క్లార్క్ కెంట్ అనే మామూలు విలేకరే సూపర్‌మ్యాన్ అని నిజాన్నే తేల్చి చెబుతుంది. లూథర్ దానిని కొట్టిపారేసి, ఆ లెక్క కట్టిన ఉద్యోగినిని అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేస్తాడు. అంత శక్తి ఉన్నవాడు మామూలు మనిషిలా నటిస్తూ బతకడం అతని ఊహకు అందదు, ఎందుకంటే తనైతే ఒక్క పూట కూడా అలా బతకడు. అది తప్పని పాఠకుడికి తెలుసు, అయినా లూథర్ తెలివితక్కువవాడని ఒక్క క్షణం కూడా అనిపించదు.

ఆదివారం నాటి సినిమాలో కూడా ఇలాంటి తప్పు ఒకటి ఉంది, అది పెట్టె తెరవడం కాదు. మెడలో క్రిప్టోనైట్‌తో మునిగిపోతున్న సూపర్‌మ్యాన్‌ను లూథర్ దగ్గరుండే ఈవ్ కాపాడుతుంది. న్యూజెర్సీ వైపు పోతున్న క్షిపణిని ముందు ఆపాలని, అక్కడ తన తల్లి ఉందని ముందే మాట తీసుకుంటుంది. అతను ఆ మాట నిలబెట్టుకుని అటు వెళ్తాడు. ఈలోగా కాలిఫోర్నియాలో రెండోది పేలి, భూకంపం వచ్చి, అతను ప్రేమించిన లోయిస్ కారులోనే మట్టి కింద కూరుకుపోతుంది. లెక్క ప్రకారం చూస్తే అది తెలివైన నిర్ణయం కాదు. అయినా ఇంతసేపూ ప్రశ్నలతో నన్ను తినేసిన మా వాడు అక్కడ నోరు విప్పలేదు, జంతికల డబ్బా వైపు కూడా చూడలేదు.

తరువాత సూపర్‌మ్యాన్ భూమి చుట్టూ తిరిగి తిరిగి కాలాన్నే వెనక్కి మళ్లించి లోయిస్‌ను బతికించుకున్నాడు. మా వాడు ఒక నిమిషం ఆలోచించి, "ఇదేదో రాకెట్లు ఎగరకముందుకే తిప్పితే సరిపోయేది కదా మావయ్యా?" అన్నాడు. జంతికల డబ్బా వాడి వైపు జరిపాను.