వలసపై రెండు నాల్కల ధోరణి

ఉద్యోగాలేవని యువత నిలదీసిన ప్రతిసారీ ‘కొలువులు స్థానికులకే’ అంటూ చట్టాలు తేవడం రాష్ట్ర ప్రభుత్వాలకు ఆనవాయితీగా మారింది. పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకేనని 2019లో ఆంధ్రప్రదేశ్‌, 2020లో హర్యానా శాసనాలు చేశాయి. హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో హైకోర్టు కొట్టేసినా కర్ణాటక మంత్రివర్గం మరుసటి ఏడాదే అదే తరహా బిల్లును ఆమోదించి, పరిశ్రమ వర్గాలు భగ్గుమనడంతో పక్కన పెట్టింది. భూములిచ్చిన వారి పిల్లలకు అక్కడి పరిశ్రమల్లో పని దక్కాలన్న కోరికలో న్యాయముంది. అయితే ఈ చట్టాల అసలు పని, ఉపాధి కల్పనలో సర్కార్ల వైఫల్యాన్ని పొరుగు రాష్ట్రం కూలీ నెత్తిన రుద్దడమే.

వానలు ముఖం చాటేసిన ఏడాది పాలమూరు పల్లెలో గుంపుమేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే, ఆలుమగలు పిల్లలను ముసలివాళ్లకు అప్పగించి ముంబయి బస్సెక్కుతారు. ఆ బాకీ తీరేదాకా కూలిరేటు గురించి నోరెత్తలేరు. వారంలో ఒక్క గంట పని దొరికినా ఉపాధి ఉన్నట్లే పరిగణించే సర్కారీ నిరుద్యోగ సర్వేల వారపు లెక్కల్లో వారు నిరుద్యోగులు కారు. ఊళ్లో పని లేకపోవడమే వారిని తరిమిందన్న నిజం ఆ అంకెల్లో ఎక్కడా కనిపించదు. అదే కూలీ నగరంలో అడుగుపెడితే మాత్రం స్థానికుల పొట్టకొట్టేవాడైపోతాడు! పంపేచోట వలసను నిరుద్యోగం తగ్గుదలగా చూపించి, చేరేచోట దాన్నే నిరుద్యోగానికి కారణమనడం ఏం నీతి?

అడ్డాపై కూలీలు పెరిగితే రేటు పడిపోతుందన్న స్థానికుల భయం ఉత్తది కాదు. కానీ, ఒకే పనికి వలస కార్మికుడికీ స్థానికుడితో సమాన వేతనం ఇవ్వాలన్న 1979 నాటి చట్టాన్ని గట్టిగా అమలు చేసి ఉంటే, అడ్వాన్సుతో కట్టిపడేసిన చౌక కూలీని చూపి స్థానికుడి కూలి కోసే అవకాశం కాంట్రాక్టరుకు దొరికేది కాదు. ఆ పని చేయని పాలకులకు వలస కూలీల అవసరం తెలియదా? 2020 మేలో నిర్మాణాలు ఆగిపోతాయని బిల్డర్లు మొరపెట్టుకోగానే, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్‌ రైళ్లను రద్దు చేయించింది కర్ణాటక ప్రభుత్వమే. విమర్శలు చెలరేగాకే వెనక్కి తగ్గింది. అవసరమైతే కదలనివ్వరు, ఎన్నికలొస్తే రానివ్వరు.

ఇక్కడ మనం తలుపులు మూస్తే, బెంగళూరు, చెన్నైలలో తెలుగు బిడ్డలకు తలుపులు తెరిచి ఉంచమని ఏ ముఖంతో అడుగుతాం? తమ పల్లెల నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు, ఏ అప్పుకు, ఎవరి వెంట తరలిపోతున్నాయో పంచాయతీల వారీగా లెక్క తీయించి బయటపెట్టే ధైర్యం లేని ప్రభుత్వాలకు, పొట్ట చేతపట్టుకుని వచ్చిన వారిని నిందించే హక్కు లేనే లేదు.