లినక్స్‌ను తిట్టే ముందు ఆ చిప్ ఎవరిదో చూడండి

"లినక్స్ వేశాను, వైఫై రాలేదు, తీసేశాను." విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నవాళ్ల నుంచి ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. వైఫై రాకపోవడం నిజమే. ఆ నింద లినక్స్ మీద పడటమే అన్యాయం.

నా ల్యాప్‌టాప్‌తో రెండు రాత్రులు నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. స్క్రీన్, కీబోర్డు, టచ్‌ప్యాడ్ అన్నీ వెంటనే పనిచేశాయి. వైఫై జాబితా మాత్రం ఖాళీ. కంప్యూటర్ లోపలి భాగాల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే వైఫై చిప్ పేరు వచ్చింది. అంటే అది అక్కడుందని లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు తెలుసు. లేనిదల్లా ఫర్మ్‌వేర్, చిప్ మొదలయ్యేటప్పుడు దానిలోకి ఎక్కించాల్సిన ఫైల్. దాన్ని రాసేదీ, పంచుకోవడానికి అనుమతి ఇవ్వాల్సిందీ చిప్ కంపెనీయే. ఆ ఫైల్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ ఫైల్ కావాలి! చివరికి ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి, యూఎస్‌బీ టెదరింగ్ పెట్టి తెచ్చుకున్నాను.

కోడ్ అందరికీ తెరిచి ఉండాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో అంత పట్టుదల ఉన్న, డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్లే 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి కోడ్ బయటపెట్టని ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చారు. మంచి పని చేశారు. నెట్ లేని కంప్యూటర్ ముందు కూర్చున్న కొత్తవాళ్లకు సిద్ధాంతం ఏం సాయం చేస్తుంది?

స్లీప్ సంగతి ఇంకా ఘోరం. ఇదివరకు మూత మూస్తే ఎస్3 అనే స్థితిలోకి వెళ్లేది, ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయేవి. ఇప్పుడు చాలా మోడళ్లలో దాన్ని తీసేశారు. ప్రతి భాగం తనంతట తాను కరెంటు వాడకం తగ్గించుకోవాలి. ఒక్క డ్రైవర్ (ఒక్కో భాగాన్ని నడిపే ప్రోగ్రామ్) మొరాయించినా ల్యాప్‌టాప్ బ్యాగులోనే వేడెక్కుతుంది, తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది. ఆ డ్రైవర్‌ను సరిచేయాలంటే చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే పత్రాలు కావాలి. అవి బయటపెట్టని కంపెనీల చిప్‌లను ఎవరో ఓపికున్నవాళ్లు నెలల తరబడి తవ్వి, లోపల ఏం జరుగుతోందో ఊహించి డ్రైవర్లు రాస్తున్నారు. వాళ్లనే మనం తిడుతున్నాం.

అందుకే వీలైతే కొనేముందే, ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి చూడండి. డెస్క్‌టాప్ కనిపించగానే సంతోషపడిపోవద్దు. వైఫై, వెబ్‌క్యామ్, మైక్, వేలిముద్ర అన్నీ చూడండి. మూత మూసి, కాసేపాగి తెరవండి.

ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. వివరాల పట్టికలో "వైఫై 6" అని రాసి వదిలేయకండి, చిప్ మోడల్ నంబరు రాయండి. ఒకే మోడల్ పేరుతో మధ్యలో చిప్ మార్చేస్తే అది కూడా చెప్పండి. డబ్బు పెట్టి కొనేవాళ్లకు లోపల ఏముందో తెలియాలి కదా?