అండాశయానికి రక్తం పైనుంచి వస్తుందండీ

గర్భాశయం, అండాశయాల గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది, కానీ ఒక్క చోట ఆగిపోయాను. గర్భాశయానికీ అండాశయాలకీ ఒకే ధమని రక్తం ఇస్తుందని రాశారు. గర్భాశయ ధమని కటి భాగంలోని లోపలి ఇలియాక్ ధమని నుంచి చీలుతుంది, అంతవరకు సరే. అండాశయ ధమని మాత్రం ఎక్కడో పైన, కిడ్నీల ధమనులకు కాస్త కిందుగా, గుండె నుంచి వచ్చే ప్రధాన ధమని అయిన బృహద్ధమని నుంచే బయల్దేరి అంత దూరం దిగి వస్తుంది. పిండ దశలో అండాశయం ఏర్పడేది ఆ పైభాగంలోనే కదా, కిందికి దిగుతూ తన రక్తనాళాన్నీ వెంట తెచ్చుకుంటుంది. రెండు ధమనులూ గర్భాశయం పక్కన కలుసుకుంటాయి. బహుశా అక్కడే మీరు పొరబడి ఉంటారు.

సిరలైతే ఇంకా తమాషా. కుడి అండాశయ సిర నేరుగా అధో మహాసిరలో (శరీరం కింది భాగం నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిరలో) కలుస్తుంది, ఎడమది ఎడమ కిడ్నీ సిరలోకి పోతుంది.

గర్భసంచి తీసే ఆపరేషన్ గురించి రాస్తూ మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే గొట్టం) మాటే ఎత్తకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది. గర్భాశయ ముఖద్వారానికి పక్కగా, సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో, ఈ నాళం సరిగ్గా గర్భాశయ ధమని కింది నుంచి వెళ్తుంది. మెడికల్ విద్యార్థులు దీన్ని ‘వంతెన కింద నీళ్లు’ అని గుర్తుపెట్టుకుంటారు. ధమనికి క్లాంప్ (బిగించి పట్టే పరికరం) వేసేటప్పుడు కాస్త పక్కకు జరిగితే మూత్రనాళం కూడా అందులో ఇరుక్కుంటుంది. సర్జన్లకు అసలు టెన్షన్ అక్కడే.

ఇంకోటి, నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి దాదాపు 500 నుంచి 750 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుంది. కాన్పయ్యాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే డాక్టర్లు ఎందుకంత కంగారు పడతారో ఈ అంకె చూస్తే తెలుస్తుంది. వీలైతే వ్యాసంలో చేర్చండి.